కంప్యూటరు నాడిని చెవితో పట్టుట

ఇంద్రియాలన్నింటిలోను కన్ను ప్రధానమని పెద్దలంటారు. ఆ మాటను కాదనే సాహసం మాకు లేదు. కాని మన నూజివీడు ప్రాంతంలో పుట్టి పెరిగినవారికి కంటితో అవసరం లేకుండ సాగే పనులు కొన్ని తెలియకపోవు. ఎండలు ముదిరే రోజులలో చీకటి గదిలో గడ్డి పరచి మామిడికాయలను మాగవేస్తారు. ఆ గదిలోకి దీపం లేకుండ వెళ్ళి, చేతితో తడిమి, వాసన పట్టి, ఏ చిన్నరసం పండినదో, దేనికి ఇంకొక రెండు రోజులు కావలెనో చెప్పగల ఇల్లాళ్ళు ఈ ఊళ్ళలో ఎందరో ఉన్నారు. అట్లే నూజివీడు వీణలకు పేరున్నది. పనసకర్రను తొలిచి వీణ తయారుచేసిన పనివాడు, చివరకు 24 మెట్లను మైనంలో నిలిపే వేళకు కంటిని పక్కన పెట్టి చెవిని నమ్ముకొంటాడు. కొలబద్ద ఒకటి చెప్పి తీగ మరొకటి చెప్పినప్పుడు తీగ మాటే చెల్లుతుంది.

ఈ సంగతులను ఇచ్చట ప్రస్తావించుటకు కారణమున్నది. కంటితో చూచి మాత్రమే తెలుసుకొనగలమని మనమందరమూ అనుకొనే ఒక పనిని చెవితోను, వేలికొసలతోను చేసుకొనే విధానాన్ని ఈ వ్యాసంలో వివరింపదలచినాము. కంప్యూటరు ఎంత చురుకుగా నడుస్తున్నదో, ఎక్కడ తడబడుతున్నదో కనిపెట్టటమే ఆ పని. దానిని చేసేవారు చూపులేని విద్యార్థులు. తెలుగు పాఠం చెప్పుకొనేవారికి కంప్యూటరు గొడవ ఎందుకని మిత్రులు పరిహసించవచ్చును. ఆ గొడవ మాకు ఒక పరీక్ష గదిలో తటస్థించినది.

డిగ్రీ విద్యార్థులకు కంప్యూటరు ప్రయోగ పరీక్ష జరుగుతున్నది. పర్యవేక్షణ మా వంతుకు వచ్చినది. ఆ గదిలో చూపులేని విద్యార్థిని ఒకామె ఉన్నది. తండ్రి మామిడితోటలు గుత్తకు పట్టే చిన్న వ్యాపారి. తోటివారి వేళ్ళు మీటలపై చకచక కదులుతుండగా, హెడ్‌ఫోను తగిలించుకొన్న ఆమె చేతులు మాత్రం కదలక ఉన్నవి. మేము దగ్గరకు పోయి, "ఏమమ్మా, ఊరక కూర్చున్నావు? కాలం పోతున్నది" అన్నాము. "నేను ఊరక లేను సార్. దీని గొంతు పోయింది. పని జరుగుతున్నదో, ఆగిపోయిందో నాకు తెలియటం లేదు" అన్నది.

తెరవంక చూచినాము. నడుమ ఒక చిన్న నీలపు వలయం తిరుగుతున్నది. కొంచెం ఆగుమని దాని అర్థం. ఆ గదిలో ఎవరి యంత్రం మొరాయించినా ఆ వలయం వారికి కనిపిస్తుంది, ఆమెకు తప్ప. గొంతు తిరిగి వచ్చేసరికి 11 నిమిషాలు గడిచినవి. గంట కొట్టగానే అందరితోపాటు ఆమెను కూడ లేపినాము. అప్పటికి చివరి ప్రశ్న సగంలో ఉన్నది. యంత్రం పోగొట్టిన కాలాన్ని మేము ఆమె ఖాతాలో వ్రాసినాము. ఆ తప్పు మాది. ఆ వేసవి సెలవులలో ఆమె పక్కన కూర్చొని నేర్చుకొన్న సంగతులే ఈ వ్యాసానికి పునాది.

మౌనానికి మూడు అర్థాలు

చూపున్నవారు కంప్యూటరు నెమ్మదించినప్పుడు విసుగుపడతారే కాని దారి తప్పరు. చివరి దృశ్యం తెరపై నిలిచే ఉంటుంది. వలయం తిరుగుతుంటుంది. పని సగమైనదో, ముగిసినదో ఒక గీత చూపుతుంటుంది. చూపులేనివారికి అందేది ధ్వని ఒక్కటే. ఆ ధ్వని ఆగినప్పుడు ఆ మౌనానికి మూడు అర్థాలుండవచ్చును. పని పూర్తియై, చెప్పవలసినది ఏమీ లేకపోవటం ఒకటి. యంత్రం మరేదో పనిలో మునిగి ఉండటం రెండవది. యంత్రమో, తెరను చదివే గొంతో పూర్తిగా స్తంభించటం మూడవది. ఈ మూడింటికీ చేయవలసిన పనులు వేరు. మొదటిదైతే ముందుకు సాగవలెను. రెండవదైతే ఓపిక పట్టవలెను. మూడవదైతే వెంటనే గొంతును తిరిగి లేపవలెను. ఏది ఏదో తెలియక మీటలను మళ్ళీ మళ్ళీ నొక్కితే, మేలుకొన్న యంత్రం ఆ నొక్కులన్నింటిని వరుసగా అమలు చేసి, వ్రాసినదానిని చెరిపివేయవచ్చును కూడ.

ఇందులో మరియొక చిక్కు ఉన్నది. తెరను చదివే గొంతు యంత్రానికి వెలుపలిది కాదు. అదియును ఒక ప్రోగ్రామే. మిగిలిన ప్రోగ్రాములు పంచుకొనే ప్రాసెసరునే, మెమరీనే తానూ పంచుకొంటున్నది. యంత్రానికి ఊపిరాడనప్పుడు ఆ సంగతి చెప్పవలసిన గొంతుకు కూడ ఊపిరాడదు. మన హకీములు రోగి చేయి పట్టుకొని నాడి చూచేవారు. ఉర్దూ విభాగపు మిత్రులు దీనినే నబ్జ్ అంటారు. ఇక్కడ రోగి తన నాడిని తానే లెక్కించి చెప్పవలసిన పరిస్థితి. కనుక గొంతు పోయిన తరువాత కారణం వెదకటం కంటే, గొంతు ఉండగానే యంత్రం స్థితిని కనిపెట్టుకొని ఉండటం చూపులేనివారికి తప్పనిసరి విద్య. చూపున్నవారికి ఇది మరమ్మతు పనివారికి వదలివేయగల వ్యవహారం. వారికి అట్లా కాదు.

తెర చదివే గొంతు

ఈ గొంతును స్క్రీన్ రీడరు అంటారు. తొలినాళ్ళ డాస్ కంప్యూటర్ల తెరపై అక్షరాలు తప్ప బొమ్మలు ఉండేవి కావు. కాబట్టి వాటిని చదివించటం కొంత సులభంగా ఉండెను. ప్రమాదంలో చూపు కోల్పోయిన టెడ్ హెంటర్ అనే అమెరికా దేశస్థుడు 1987లో ఒక సంస్థను స్థాపించి, 1989లో డాస్ కొరకు జాస్ అనే స్క్రీన్ రీడరును వెలువరించెను. తరువాత విండోసు వచ్చినది. బొమ్మలు, కిటికీలు, బొత్తాములు తెరను ఆక్రమించినవి. బొమ్మను చదివే మార్గం లేదు. అందుచేత తెరపై ఉన్న ప్రతి వస్తువు తన పేరేమిటో, తాను ఏ జాతి వస్తువో, తన విలువ ఎంతో లోలోపల చెప్పుకొనే ఏర్పాటు చేసినారు. స్క్రీన్ రీడరు చదివేది బొమ్మను కాదు, ఈ చెప్పుకోలును. ఏ వస్తువుకు నిర్మాత పేరు పెట్టలేదో అది చూపులేనివారికి లేనట్లే.

అట్టి స్క్రీన్ రీడర్ల వెల సామాన్యులకు అందుబాటులో ఉండేది కాదు. 2006లో ఆస్ట్రేలియా దేశపు యువకుడు మైకేల్ కరన్ ఉచితంగా ఇచ్చే ఒక స్క్రీన్ రీడరును వ్రాయనారంభించెను. ఆయనకు చూపు లేదు. చిన్ననాడు సంగీత శిబిరంలో పరిచయమైన జేమ్స్ టే ఆయనతో చేయి కలిపెను. ఆయనకు కూడ చూపు లేదు. వారి కృషి ఫలితమే నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ఎన్.వి.డి.ఎ. దీనితోపాటు వచ్చే ఈ-స్పీక్ అనే గొంతుకు జోనాథన్ డడింగ్టన్ రూపకర్త. అది తెలుగును, ఉర్దూను కూడ పలుకుతుంది. వినుటకు మరబొమ్మ మాటవలె ఉంటుంది. అయినను అనుభవమున్న అంధులు చాలమంది దానినే కోరుకొంటారు. కారణం పరిశీలింపదగినది. మనిషి గొంతును పోలిన తీయని గొంతులు కొన్ని యంత్రంపై ఎక్కువ బరువు మోపుతవి, మీట నొక్కిన తరువాత ఒక క్షణం ఆలోచించి పలుకుతవి. ఈ-స్పీక్ బహు తేలిక. నొక్కిన వెంటనే పలుకుతుంది. పాత యంత్రం ముందు కూర్చున్నవారికి తీపి కంటే తక్షణమే పలికే గుణం విలువైనది.

పందిరి, గిడ్డంగి, కూలీలు

నాడి పట్టేముందు దేనిని కొలవవలెనో తెలియవలెను. మన తోటల భాషలోనే చెప్పుకొందాము. కాయ కోతల కాలంలో తోటలో ఒక పందిరి వేస్తారు. కోసిన కాయలను అక్కడ పోసి, కూలీలు ఏరి, పెట్టెలకు సర్దుతారు. దూరాన గిడ్డంగి ఉంటుంది. కంప్యూటరులో కూలీలు ప్రాసెసరు, పందిరి మెమరీ, గిడ్డంగి డిస్కు.

కూలీలందరూ తీరిక లేకుండ ఉన్నారంటే ప్రాసెసరు నూరు శాతం పనిలో ఉన్నదన్నమాట. కొంతసేపు అట్లుండటం దోషం కాదు. గంటలకొద్దీ అట్లే ఉంటే ఎవరో ఒకరు అనవసరపు పని పెట్టినారని అర్థం. పందిరి నిండిపోతే సంగతి వేరు. కొత్త కాయలకు చోటు చేయుటకు పాతవాటిని గిడ్డంగికి మోయవలెను. మళ్ళీ అవసరమైతే అక్కడనుంచి తేవలెను. కూలీల సంఖ్య తగ్గలేదు, పని చేసే మనసు తగ్గలేదు. అయినను దినమంతా మోతలోనే గడచి పెట్టెలు కదలవు. మెమరీ చాలని కంప్యూటరు చేసేది సరిగా ఇదే. అట్టివేళ ప్రాసెసరు శాతం తక్కువగానే వినిపించవచ్చును. డిస్కు మాత్రం నూరు శాతం అని వినిపిస్తుంది. దీనికి మందు కూలీలను పెంచటం కాదు. పందిరిని ఖాళీ చేయటమో, పెద్దది వేయటమో చేయవలెను.

నాలుగవది వేడి. వేసవిలో మన ప్రాంతపు ఎండ 40 డిగ్రీలు దాటటం కద్దు. దుమ్ము పట్టిన పంకా, పరుపుపై పెట్టిన లాప్‌టాపు, మూసిన కిటికీలు కలిసినప్పుడు ప్రాసెసరు కాలిపోకుండుటకు తన వేగాన్ని తానే తగ్గించుకొంటుంది. ఐదవది బ్యాటరీ. మూలన కనిపించే చిన్న గుర్తు చూపులేనివారికి కనిపించదు. అడిగి తెలుసుకొనవలసినదే.

నాడి పట్టే మార్గాలు

మొదటి మార్గానికి ఏ ఉపకరణమూ అక్కరలేదు. చెవి, చేయి చాలును. పంకా హోరు పెరిగినదా? పాత డిస్కు లోపల గరగర ఆగకుండ వినిపిస్తున్నదా? లాప్‌టాపు అడుగుభాగం చురుక్కుమంటున్నదా? పంకా హోరు, చేతికి తగిలే వేడి కలిసి వస్తే ప్రాసెసరుకు పని ఎక్కువైనదని ఊహించవచ్చును. హోరు లేదు, గరగర మాత్రం ఉన్నదంటే డిస్కును అనుమానించవచ్చును. మాగిన పండును పట్టినట్లే ఇక్కడ కూడ ఒక్క గుర్తును కాక రెండు మూడు గుర్తులను కలిపి తీర్పు చెప్పవలెను.

రెండవది సమయం అడగటం. ఎన్.వి.డి.ఎ. నడుస్తుండగా ఇన్సర్ట్ మీటను పట్టి ఎఫ్12ను నొక్కితే అది వేళ చెప్పుతుంది. మనకు కావలసినది వేళ కాదు, జవాబు వచ్చిన తీరు. నొక్కిన మరుక్షణం పలికితే గొంతు క్షేమం. తడుముకొని పలికితే యంత్రంపై బరువు పడుతున్నది. పలకనే పలకకపోతే గొంతే చిక్కులో ఉన్నది. వేళ చక్కగా చెప్పి, ముందున్న ప్రోగ్రాము మాత్రం కదలకపోతే దోషం ఆ ప్రోగ్రాముది. ఇన్సర్ట్‌తో టి అక్షరాన్ని నొక్కితే కిటికీ పేరు వినిపిస్తుంది. స్తంభించిన ప్రోగ్రాము అయితే ఆ పేరు చివర నాట్ రెస్పాండింగ్ అనే మాట వినిపించవచ్చును. ఇన్సర్ట్, షిఫ్ట్, బి మూడింటిని కలిపి నొక్కితే బ్యాటరీ ఎంత ఉన్నదో చెప్పుతుంది.

మూడవది విండోసులోనే ఉన్న టాస్క్ మేనేజరు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కితే తెరచుకొంటుంది. ఏ ప్రోగ్రాము ఎంత ప్రాసెసరును, ఎంత మెమరీని తింటున్నదో అందులో వరుసలుగా ఉంటుంది. యంత్రం మొత్తపు స్థితిని చూపే పుటలో ఎగుడుదిగుడుగా సాగే ఒక గీత ఉన్నది. చూపున్నవారు దానినే చూస్తారు. స్క్రీన్ రీడరుకు ఆ గీత అందదు. దాని పక్కన ప్రాసెసరు శాతం, వేగం, మెమరీ, డిస్కు శాతాలు అక్షరాలలో ఉంటవి. బాణపు మీటతో ఒక్కొక్కదానిపై నిలిస్తే అవి వినిపిస్తవి. శాతం తక్కువగా ఉండి, వేగం కూడ మామూలుకంటె బాగా తగ్గి, పని నత్తనడకగా సాగుతుంటే వేడిని అనుమానించవలెను.

ఇచ్చట కొత్తవారిని తికమక పెట్టే చిక్కు ఒకటి ఉన్నది. టాస్క్ మేనేజరు పట్టిక నిలకడగా ఉండదు. లెక్కలు క్షణక్షణం మారి, ఎక్కువ తినే ప్రోగ్రాము పైకి, తక్కువ తినేది కిందికి జరుగుతుంటవి. ఒక వరుసను వినటం పూర్తికాకముందే అది మరొక చోటికి పోతుంది. పారే నీటిలో వ్రాసిన పేరును చదివినట్లుంటుంది. దీనికి ఉపాయం ఉన్నది. లెక్కలు మారే వేగాన్ని తగ్గించుటకు, పూర్తిగా నిలుపుటకు అందులోనే వీలున్నది. నిలిపిన తరువాత తీరికగా వినవచ్చును. కొత్త లెక్క కావలసినప్పుడు ఎఫ్5 నొక్కవచ్చును. పట్టికను పేర్ల క్రమంలో ఉంచుకొంటే వరుసలు చోటు మారవు. దోషి దొరికిన తరువాత ఆ వరుసపై డిలీట్ మీట నొక్కితే ఆ ప్రోగ్రాము ముగుస్తుంది. కాని దాచుకొనని వ్రాత పోతుంది. పేరు తెలియని ప్రోగ్రామును ముగించటం ప్రమాదం.

ఇంకొక జాగ్రత్త. ఎన్.వి.డి.ఎ.ను పెన్‌డ్రైవులో పెట్టుకొని ఎక్కడైనను నడుపుకొనవచ్చును. కాని అట్లా నడిపే ప్రతికి అధికార పరిధి తక్కువ. ఉన్నతాధికారంతో నడిచే టాస్క్ మేనేజరు వంటివాటి ముందు అది మూగపోవచ్చును. కనుక యంత్రంలో శాశ్వతంగా స్థాపించుకొనటమే మేలు.

నాలుగవ మార్గం మాకు అన్నింటికంటె నచ్చినది. పాత డాస్ దినాలవలె అక్షరాలతో ఆదేశం ఇచ్చి, అక్షరాలతోనే జవాబు పొందే కిటికీ నేటి విండోసులో కూడ ఉన్నది. అందులో టాస్క్‌లిస్ట్ అని వ్రాసి ఎంటర్ నొక్కితే, ఆ క్షణాన నడుస్తున్న ప్రోగ్రాములన్నీ, అవి తీసుకొన్న మెమరీతో సహా, జాబితాగా వస్తవి. ఈ జాబితా కదలదు. మెమరీ ఇంతకు మించినవాటిని మాత్రమే చూపుమని కోరవచ్చును. జవాబును తెరపై కాక ఒక ఫైలులోకి మళ్ళించి, నోట్‌ప్యాడులో నింపాదిగా వినవచ్చును. నిన్నటి జాబితాను, నేటి జాబితాను పోల్చవచ్చును. సిస్టమ్‌ఇన్ఫో అనే మరొక ఆదేశం యంత్రంలో మొత్తం మెమరీ ఎంతో, అందులో ఖాళీ ఎంతో, యంత్రం ఎప్పుడు మేలుకొన్నదో చెప్పుతుంది. బొమ్మలు వచ్చి అంధులను వెనుకకు నెట్టిన చోట, అక్షరం తిరిగి వారిని ముందుకు తెచ్చినది. అక్షరాన్ని నమ్ముకొన్న మావంటివారికి ఇది సంతోషకరమైన విషయం.

ఐదవది ఎన్.వి.డి.ఎ.కు జతచేసే ఉచిత ఉపకరణాలు. రిసోర్స్ మానిటరు అనేది అందులో ఒకటి. ఏ పనిలో ఉన్నను, ఆ కిటికీని విడువకుండ, కొన్ని మీటలను కలిపి నొక్కితే ప్రాసెసరు భారాన్ని, మెమరీ స్థితిని, డిస్కులోని ఖాళీని చెవిలో చెప్పుతుంది. పరీక్ష వ్రాస్తున్నవారికి ఇది ఎంత మేలో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆరవది శ్రుతి. ఏదైనా ఒక ఫైలు దిగుమతి అవుతున్నప్పుడు తెరపై గీత నిండుతుంటుంది. ఎన్.వి.డి.ఎ. ఆ గీతను స్వరంగా మార్చుతుంది. పని సాగేకొద్దీ కూత స్థాయి పైకి పోతుంది. స్వరం మంద్రంలో ఉన్నదంటే పని మొదట్లో ఉన్నది. తారస్థాయిని అందుకొన్నదంటే ముగియవచ్చినది. ఒకే స్వరం దగ్గర చాలసేపు మౌనం వహించినదంటే పని అక్కడ చిక్కుకొన్నది. ఇన్సర్ట్‌తో యు అక్షరాన్ని నొక్కి ఈ కూతను మాటగా మార్చుకొనవచ్చును, మాన్పవచ్చును. మా విద్యార్థిని ఈ కూతను వింటూ, "ముప్పాతిక అయింది సార్" అని చెప్పినప్పుడు మెట్లను చెవితో నిలిపే మన వీణల పనివారే జ్ఞప్తికి వచ్చినారు.

గొంతు పోయినప్పుడు

ఇంత జాగ్రత్త పడినను గొంతు పోవచ్చును. అప్పుడు కంగారుపడి యంత్రాన్ని ఆర్పరాదు. ముందుగా ఒక నిమిషం ఆగవలెను. తరువాత కంట్రోల్, ఆల్ట్, ఎన్ మీటలను కలిపి నొక్కితే, స్థాపన సమయంలో ఆ ఏర్పాటు చేసి ఉంటే, ఎన్.వి.డి.ఎ. తిరిగి మొదలవుతుంది. అదియును ఫలించకపోతే విండోసు తనతో తెచ్చుకొన్న నరేటరు అనే రెండవ గొంతు ఉన్నది. విండోసు, కంట్రోల్, ఎంటర్ మీటలతో దానిని పిలువవచ్చును. రెండవ గొంతు పలికితే యంత్రం బ్రతికే ఉన్నది, పడిపోయినది మొదటి గొంతు మాత్రమే అని తేలుతుంది. రెండూ పలుకకపోతే చిక్కు యంత్రంలోనో, ధ్వని వచ్చే మార్గంలోనో ఉన్నదని గ్రహించి, అప్పుడు ఇతరుల సహాయం కోరవలెను. సహాయం కోరటంలో చిన్నతనం లేదు. కాని ఎక్కడ చెడినదో చెప్పి కోరటం వేరు, ఏమైనదో తెలియక కోరటం వేరు. మొదటిదానిలో విద్యార్థికి గౌరవం నిలుస్తుంది.

కళాశాల చేయదగినది

చూపులేనివారికి సైన్సు, సాంకేతిక విద్యలు తగవనే అభిప్రాయం మన దేశంలో చిరకాలం నిలిచినది. మచిలీపట్నం సమీపంలోని సీతారామపురంలో జన్మించిన శ్రీకాంత్ బొల్లా పుట్టుకతో అంధుడు. పదవ తరగతి తరువాత ఇంటర్మీడియట్‌లో సైన్సు చదువుతానంటే నిబంధనలు అంగీకరించలేదు. ఆయన న్యాయస్థానానికి వెళ్ళి అనుమతి తెచ్చుకొన్నాడు. పాఠాలను ధ్వనిరూపంలో విని చదివినాడు. 2009లో అమెరికాలోని ఎమ్.ఐ.టి.లో చేరి, చదువు ముగించుకొని వచ్చి 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ అనే సంస్థను స్థాపించినాడు. ఆయన కథ 2024లో హిందీ చలనచిత్రంగా కూడ వచ్చినది. ఆ కథలో అడ్డుపడినది ఆయన శక్తి కాదు, ఎదుటివారి అంచనా. మా పరీక్ష గదిలో అడ్డుపడినది కూడ మా అంచనాయే.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చి, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులోకి వచ్చినది. విద్యాసంస్థలు తగిన సౌకర్యాలు కల్పించవలెనని అది చెప్పుతున్నది. దివ్యాంగుల పరీక్షలను గూర్చి కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాలలో, కంప్యూటరుపై పరీక్ష వ్రాసే దివ్యాంగులకు ఒకరోజు ముందుగా ఆ యంత్రాన్ని పరీక్షించుకొనే అవకాశం ఇవ్వవలెనని ఆనాడే చెప్పినారు. ఆ వాక్యం వ్రాసినవారికి యంత్రపు మౌనం అనుభవమై ఉండవలెను. మాకు ఆ వాక్యం సంగతి ఆ పరీక్ష దినాన తెలియదు. తెలిసి ఉంటే 11 నిమిషాల నష్టం జరిగేది కాదు.

కావున కళాశాల కార్యవర్గ సభ్యులకు మా విన్నపం నాలుగు మాటలు. ఒకటి, ప్రయోగశాలలో కనీసం రెండు యంత్రాలకు మెమరీని 8 జీబీకి పెంచి, తిరిగే డిస్కుల స్థానంలో సాలిడ్ స్టేట్ డిస్కులు అమర్చవలెను. కొత్త యంత్రాలు కొనుటకంటె ఇది ఎంతో చవక. విండోసు 10కు నిర్మాతల సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది గనుక, యంత్రాల సంగతి ఎట్లాగూ ఆలోచింపక తప్పదు. రెండు, ఆ రెండింటిలో ఎన్.వి.డి.ఎ.ను శాశ్వతంగా స్థాపించవలెను. దానికి పైసా ఖర్చు లేదు. మూడు, చూపులేని విద్యార్థి పరీక్షకు ముందురోజు వచ్చి యంత్రాన్ని విని చూచుకొనే వీలు కల్పించవలెను. నాలుగు, యంత్రం మౌనం వహించిన కాలాన్ని పర్యవేక్షకుడు గడియారం చూచి వ్రాసి ఉంచి, ఆ కాలాన్ని విద్యార్థికి తిరిగి ఇవ్వవలెను. చివరిదానికి ధనం అక్కరలేదు. ఒక కాగితం, ఒక కలం చాలును.

విద్యార్థి మిత్రులకు కూడ ఒక మాట. మీ పక్కన చూపులేని మిత్రుడు మౌనంగా కూర్చున్నప్పుడు అతని చేతిలోని మీటలను లాగికొని మీరు నొక్కబోకండి. తెరపై ఏమున్నదో ఒక్క వాక్యంలో చెప్పండి. "వలయం తిరుగుతున్నది" అన్న మాట చాలు. మిగిలినది అతడు చూచుకొంటాడు.

తరువాతి సంవత్సరం పరీక్షకు ముందురోజు సాయంకాలం ఆ విద్యార్థిని ప్రయోగశాలకు వచ్చినది. తాళం తీసి నిలుచున్నాము. మొదటి యంత్రం ముందు కూర్చొని ఏవో రెండు మీటలు నొక్కి, తల అడ్డంగా ఊపి లేచినది. రెండవదాని ముందు కూర్చొన్నది. మళ్ళీ అవే మీటలు. ఈసారి చిరునవ్వు నవ్వి, "రేపు నాకు ఇది ఇవ్వండి సార్" అన్నది. ఎందుకని అడిగినాము.

"టైమెంత అంటే తడుముకోకుండా చెప్పింది" అన్నది.